ఇంటా బయటా: ఆఫీసు గడప దాటి లోపలికి వస్తే

ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేయడం మన వైపు వారికి వింతేమీ కాదు. 1984 జనవరిలో ప్రభుత్వం గ్రామోద్యోగాలను రద్దు చేసేదాకా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో కరణంగారి ఆఫీసు అంటే కరణంగారి ఇల్లే. వీధి అరుగుమీద చాప, ముందు వ్రాతబల్ల, పక్కన అడంగలు, శిస్తు లెక్కలు. తెల్లవారేసరికి రైతులు వచ్చి అరుగు దగ్గర నిలబడేవారు. గట్టు తగాదా తెచ్చేవాడొకడు, నకలు కావలసినవాడొకడు. ఆయన స్నానానికి లేచినా, భోజనానికి లేచినా వాళ్ళు అక్కడే కూర్చునేవారు. అయితే ఒక్కటి. వ్యవహారం ఎంత పెద్దదైనా అరుగుమీదే నడిచేది గాని గడప దాటి లోపలికి వచ్చేది కాదు.

ఆ రోజులన్నీ బంగారమని నేననను. జమాబందీ వేళ తాలూకా నుంచి అధికార్లు దిగితే ఆ ఇంటి ఇల్లాలికి పొయ్యి దగ్గరనుంచి లేచే తీరిక ఉండేది కాదు. ఉద్యోగం ఆయనది, చాకిరీ ఆవిడది. ఆవిడ పనికి జీతం ఏ లెక్కలోనూ ఎక్కలేదు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, ముందు మళ్ళీ పనికొస్తుంది.

ఇప్పుడు ఇళ్ళకు అరుగులు లేవు. ఆఫీసు తిన్నగా హాల్లోకి, పడకగదిలోకి వచ్చి కూర్చుంది. 2020 మార్చి 25 నుంచి దేశమంతా తలుపులు మూసుకున్నప్పుడు హైదరాబాదు, బెంగుళూరుల్లో అద్దె గదుల్లో ఉన్న మన పిల్లలు లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని బొబ్బిలి, పాలకొండ, టెక్కలి, నరసన్నపేట చేరుకున్నారు. నాలుగు రోజుల ముచ్చట అనుకున్నాం. అదే ఏడాది నవంబరులో కేంద్ర టెలికం శాఖ, ఉద్యోగుల చేత ఇళ్ళనుంచి పని చేయించుకునేందుకు కంపెనీలకు ఉన్న షరతులను బాగా సడలించింది. ఆ తరువాత కొన్ని కంపెనీలు పిల్లలను వెనక్కి పిలిపించుకున్నాయి. కొన్ని వారానికి మూడు రోజులు రమ్మన్నాయి. కొన్ని ఎక్కడున్నా సరే, పని జరిగితే చాలునన్నాయి. 2025 ఫిబ్రవరిలో మన ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు గారు, ముఖ్యంగా స్త్రీల కోసం, ఇంటినుంచి పనిచేసే పద్ధతిని పెద్దయెత్తున ప్రోత్సహిస్తామని ప్రకటించారు. కాబట్టి ఇది వచ్చినట్టే వచ్చి పోయే ఫాషను కాదు. దీనితో కాపురం చేయడం నేర్చుకోవలసిందే.

ఈ సంగతి ఇంత వివరంగా ఎత్తుకోవడానికి కారణం రెండు ఉత్తరాలు.

మొదటిది విజయనగరం నుంచి ఒక అత్తగారు వ్రాశారు. కోడలు తొమ్మిదిమంది ఉన్న టీముకు లీడరట. ఆ తొమ్మిదిమందీ తొమ్మిది ఊళ్ళలో ఉన్నారట. ఉదయం 9 గంటలకు లాప్‌టాప్ తెరిస్తే రాత్రి 11 దాకా మూయదు. నాగులచవితినాడు పుట్టలో పాలు పోస్తూ కూడా చెవిలో ఫోను పెట్టుకుని ఎవరికో ఏదో చెబుతూనే ఉందట. పిల్లవాడికి అన్నం పెట్టేది తానేనట. పిల్ల మంచిదే, జీతమూ మంచిదే, ఆరోగ్యమే పాడవుతోంది, మానేయమని చెప్పనా అని ఆవిడ అడుగుతున్నారు.

రెండవది రాజాం దగ్గరి నుంచి ఒక అమ్మాయి వ్రాసింది. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. ఆమె టీము లీడరు హైదరాబాదులో ఉంటుంది. ఏనాడూ కసురుకోలేదట, పేరు పెట్టి ఆప్యాయంగా పిలుస్తుందట. కాని రాత్రి పదీ ముప్పావుకు టింగుమని ఒక మెసేజి. పని వివరమంతా వ్రాసి, చివర, రేపు చూసినా ఫరవాలేదు అని. అది చదివిన తరువాత ఈ పిల్లకు నిద్ర పట్టదు. లేచి ఆ పని కాస్తా చేసేసి పడుకుంటే ఒంటిగంట. రాత్రిపూట ఫోను ఆపేస్తే తప్పా అని అడుగుతున్నది.

వీరిద్దరూ ఒకరినొకరు ఎరగరు. అయినా రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చదివితే ఒకే ఉత్తరాన్ని రెండువైపుల నుంచి వ్రాసినట్లుంది. విజయనగరం కోడలు రాత్రి 11 దాకా కూర్చుని వ్రాసే మాటలు ఏదో ఒక ఊళ్ళో ఏదో ఒక అమ్మాయి నిద్ర చెడగొడుతూ ఉండవచ్చు. ఆ సంగతి ఆ కోడలికి తెలియకపోవచ్చు కూడా.

రేపు చూసినా ఫరవాలేదు! ఎంత మర్యాదైన మాట! మనది అధికార్లను చూసిన దేశం. తాసిల్దారుగారు బంట్రోతుతో, తీరిక ఉంటే ఒకసారి ఇంటికి రా అంటే, తీరిక ఉందా లేదా అని ఆ బంట్రోతు ఆలోచించుకుంటాడా? చేతిలో ముద్ద వదిలేసి పరుగెత్తుతాడు. పైవాడి కోరిక కిందివాడికి ఆజ్ఞ. పైగా ఎదురుగా కూర్చుని చెప్పే మాటకు ముఖంలో ఒక నవ్వూ, గొంతులో ఒక మెత్తదనమూ తోడుంటాయి. ఫోనులో వచ్చే మాటకు అక్షరాలూ, పక్కన గంటా నిమిషమూ తప్ప ఇంకేమీ ఉండవు. చదివేవారికి ముందుగా కనిపించేది ఆ గంటే. ఈవిడ పదీ ముప్పావుకు పనిచేస్తోంది, నేను పడుకున్నాను అన్న బెంగ ఆ అంకెలోంచే పుడుతుంది.

అందుచేత నేను చెప్పేది ఇది. ఇంటి పనికీ ఆఫీసు పనికీ మధ్య గీత గీయవలసిన బాధ్యత పైన ఉన్నవారిది. కిందివారు తామే గీసుకోవాలని, కావాలంటే ఫోను ఆపుకోవచ్చు గదా అని అనడం న్యాయం కాదు. ఏడాదికొకసారి జీతం పెంచాలా వద్దా అని వ్రాసే చేయి ఎవరిదో, తలుపు వేసే చేయి కూడా వారిదే కావాలి.

నెల్లిమర్ల జూటుమిల్లు వంటి మిల్లులున్న ఊళ్ళవారికి మిల్లు కూత సంగతి తెలుసు. కూత వేస్తే లోపలికి వెళ్ళడం, మళ్ళీ కూత వేస్తే బయటకు రావడం. మిల్లు పని సుఖమైన పనేమీ కాదు. దుమ్ము, చప్పుడు, మూతపడిందంటే నెలల తరబడి పస్తులు. అయినా రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది అన్న లెక్కను 1919లోనే దేశాలన్నీ కూర్చుని ఒప్పందంగా వ్రాసుకున్నాయి. మన 1948 ఫాక్టరీల చట్టంలోనూ వారానికి 48 గంటలు దాటరాదనీ, అదనంగా చేయిస్తే రెట్టింపు కూలి ఇవ్వాలనీ పెట్టారు. ఇప్పటి మన పిల్లల ఫోనుకు లోపలికి రమ్మనే కూత ఒక్కటే ఉంది. బయటకు వెళ్ళమనే కూత లేదు. అది కూయవలసినది లీడరే.

ఇంకొక పాత సంగతి కూడా మన జిల్లాలదే. ఒకప్పుడు ఈ తీరంనుంచి వేలకొద్దీ కూలిజనం ఓడలెక్కి రంగూను వెళ్ళేవారు. వారిని తీసుకువెళ్ళేది మేస్త్రీ. అడ్వాన్సు ఇచ్చేది అతడు, పనికి పెట్టేది అతడు, కూలి డబ్బు చేతిలో పోసేది అతడు, రాత్రి తల దాచుకునే చోటు చూపేదీ అతడే. పగలు చూసిన ముఖమే రాత్రీ చూడాలి. మేస్త్రీలందరూ చెడ్డవారని కాదు. మంచి మేస్త్రీ కింద ఉన్నా కూలివాడికి తనదంటూ ఒక గంట లేకపోవడమే అక్కడి కష్టం. ఈనాటి లీడర్లను మేస్త్రీలతో పోల్చితే వారికి కోపం రావచ్చు. రానివ్వండి. పక్కమీద తలగడ పక్కన ఫోనులో కూర్చున్నది ఎవరు మరి?

దీనికంతకూ మూలం అమెరికా గడియారమని కొందరంటారు. కొంత నిజమే. న్యూయార్కులో ఉదయం 9 గంటలైతే మనకు సాయంత్రం ఆరున్నర, సరిగ్గా దీపం పెట్టి, పిల్లల్ని పుస్తకాల ముందు కూర్చోబెట్టే వేళ. నవంబరు మొదటి ఆదివారం నాడు వాళ్ళు గడియారాన్ని ఒక గంట వెనక్కు తిప్పుకుంటారు. అప్పటినుంచి మార్చి రెండవ ఆదివారం దాకా ఆ 9 గంటల మీటింగు మనకు ఏడున్నరకు పడుతుంది. కాలిఫోర్నియా వారైతే మరీ అన్యాయం. వారి 9 గంటలు మనకు వేసవిలో రాత్రి తొమ్మిదిన్నర, శీతకాలంలో పదిన్నర. భూమి గుండ్రంగా ఉన్నందుకు ఎవరినీ నిందించలేం. కాని ఆ మీటింగుకు తొమ్మిదిమందీ ఎందుకు? ఒకరు కూర్చుని, జరిగినది పది వాక్యాలలో వ్రాసి పెడితే తక్కినవారు మర్నాడు ఉదయం చదువుకుంటారు. ఈ వారం ఒకరు, వచ్చే వారం ఇంకొకరు. రాత్రి కూర్చున్నవారు మర్నాడు పొద్దున్న రెండు గంటలు ఆలస్యంగా పనిలోకి వస్తారు. ఆ వంతులో లీడరు పేరు కూడా ఉండాలి, కాని ప్రతిరోజూ ఆమె పేరే ఉండకూడదు. విజయనగరం కోడలు చేస్తున్న పొరపాటు ఇక్కడే ఉందని నా అనుమానం. టీములోని వారిమీద దయతో అన్ని రాత్రులూ తానే కూర్చుంటున్నదేమో. అది దయే. అయినా లీడరు రోజూ రాత్రి మేలుకుని ఉంటే తక్కిన తొమ్మిదిమందికీ నిద్రపోవడానికి మనసొప్పదు.

ఎక్కడో ఉన్నవారి చేత పని చేయించడంలో ఇంకొక చిక్కు ఉంది. మనిషి కనిపించడు కాబట్టి, పని చేస్తున్నాడా లేదా అన్న అనుమానం తొలుస్తుంది. ఆ అనుమానం కొద్దీ కొందరు లీడర్లు కంప్యూటరులో పేరు పక్కన వెలిగే పచ్చచుక్కను చూస్తూ కూర్చుంటారు. చుక్క ఆరిందా, ఫోను! వీడియో తెరిచే ఉంచమనేవారు మరికొందరు. పాపం, రెండు గదుల ఇంట్లో ఆ పిల్ల వెనక దండెం మీద మామగారి పంచెలు ఆరుతుంటాయి. అవన్నీ పదిమందికీ చూపించాలా? పచ్చచుక్క వెలగడం పని కాదు. సోమవారం నాడు, శుక్రవారం లోపల ఫలానా ఫలానా కావాలి, ఎవరిది ఏది, ఎక్కడ ఆగితే ఎవరిని అడగాలి అని కాగితంమీద స్పష్టంగా వ్రాసి ఇవ్వడం లీడరు పని. ఇలా వ్రాయడం కష్టం. బుర్ర పెట్టాలి. అందుకే చాలామంది అది ఎగవేసి, గంటకొకసారి ఎంతవరకు వచ్చింది అని అడుగుతూ ఉంటారు. సోమవారం అరగంట కూర్చుని సరిగా వ్రాస్తే రాత్రి పదీ ముప్పావు మెసేజీలు సగం పుట్టనే పుట్టవు.

మిగతా సగం సంగతి. లీడరుకు రాత్రే ఆలోచన తోచింది, మరిచిపోతానని భయం. వ్రాసుకోమనండి. మెయిలు ఇప్పుడు వ్రాసి రేపు ఉదయం 9 గంటలకు వెళ్ళేటట్టు పెట్టే సదుపాయం ఈనాడు దాదాపు అందరి దగ్గరా ఉంది. ఒక్క మీట నొక్కితే చాలు. రాజాం అమ్మాయి లీడరు ఈ పత్రిక చదువుతుంటే దయచేసి ఈ ఒక్కటి చేయమని నా కోరిక.

మరి నిజంగా నిప్పంటుకుంటే? అంటుకుంటుంది. బ్యాంకు యాప్ రాత్రి రెండు గంటలకు ఆగిపోయిందంటే ఉదయందాకా ఆగమనలేం. దానికోసం వంతులు వేసుకుని, ఈ రాత్రి ఎవరు మేలుకోవాలో నెల ముందే రాసి పెట్టుకోవాలి. వంతులో ఉన్నవారికి మర్నాడు సెలవో, డబ్బో ముట్టాలి. అత్యవసరమైతే మెసేజి కాదు, ఫోను మోగాలి. మోగని ఫోను జోలికి రాత్రి ఎవరూ పోనక్కరలేదు. అయితే అత్యవసరమంటే ఏమిటో ముందే తేల్చుకోవాలి. పట్టికలో ఎరుపు రంగు బదులు నీలం కావాలనడం అత్యవసరం కాదు. అది కోరినవారు ఎంత పెద్దవారైనా సరే.

ఎవరి ఇల్లు ఎలాంటిదో లీడరుకు తెలియాలా? ఇది సున్నితమైన ప్రశ్న. ఒకరికి మూడున్నరకు బడినుంచి బిడ్డను తీసుకురావాలి. ఉద్దానంలో ఇల్లున్న మరొకరికి వారంలో రెండు మూడు రోజులు తండ్రిని డయాలిసిస్‌కు తీసుకువెళ్ళాలి. మూత్రపిండాల జబ్బుతో ఆ ప్రాంతపు కుటుంబాలు ఎంత నలిగాయో ఈ జిల్లావారికి నేను చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరులో పలాసలో ప్రత్యేకమైన ఆసుపత్రి తెరిచిన తరువాత ప్రయాణాల దూరం కొంత తగ్గింది గాని రోగి పక్కన కూర్చోవలసిన గంటలు తగ్గలేదు గదా. ఇవి తెలిస్తే మంచిదే. కాని కూపీలు తీయకూడదు. ఏ వేళ మీకు కుదరదు అని అడగాలి గాని ఎందుకు కుదరదు అని అడగరాదు. వారంతట వారు చెబితే వినాలి, విన్నది పదిమందిలో వేయకూడదు. మంగళ, శుక్రవారాలు మధ్యాహ్నం 2 నుంచి 6 దాకా ఉండను అని ఒక మనిషి చెప్పిన తరువాత ఆ వేళకు మీటింగు పెట్టడం, అయ్యో మరిచిపోయాను అనడం, రెండుసార్లు జరిగితే ఆ మనిషి ఇక ఏమీ చెప్పడు. నోరు మూసుకుని ఆసుపత్రి వరండాలో లాప్‌టాప్ తెరుస్తాడు.

ఇంత మెత్తగా ఉంటే నెత్తికెక్కరా అని అడిగేవారున్నారు. ఒకరిద్దరు ఎక్కుతారు. అబద్ధమెందుకు? కరెంటు పోయిందని చెప్పి పెళ్ళికి వెళ్ళేవారూ, పనివేళ మూడు గంటలు బజారులో తిరిగేవారూ ఉంటారు. అటువంటి మనిషితో పగటిపూట విడిగా మాట్లాడాలి, గట్టిగానే మాట్లాడాలి. ఆ ఒక్కడి మూలాన అందరికీ రాత్రి 9 గంటలకు హాజరు పెట్టడం, బడిలో ఒకడు అల్లరి చేస్తే తరగతి మొత్తాన్ని బెంచీ ఎక్కించడం వంటిది. ఇంటినుంచి పనిచేసేవారికీ ధర్మం ఉంది. పని గంటల్లో పనిలో ఉండాలి. లేచి వెళ్ళవలసి వస్తే ఒక్క మాట చెప్పి వెళ్ళాలి.

పెద్దలు చెప్పే మాటలు కూడా పిల్లల్ని కంగారు పెడుతున్నాయి. 2025 జనవరిలో ఒక పెద్ద ఇంజనీరింగు కంపెనీ అధ్యక్షులు, ఉద్యోగులు వారానికి 90 గంటలు పనిచేయాలనీ, ఆదివారం ఇంట్లో ఉండి భార్య ముఖం ఎంతసేపు చూస్తారనీ అన్నారని దేశమంతా గగ్గోలైంది. తొంభైని ఏడుతో భాగించి చూడండి. ఆదివారం కూడా కలుపుకుని రోజుకు దాదాపు పదమూడు గంటలు. ఆ భార్య ముఖం సంగతి అలా ఉంచి అన్నం తినే వేళ ఎక్కడ? ప్రపంచ ఆరోగ్య సంస్థా, అంతర్జాతీయ కార్మిక సంస్థా కలిసి 2021 మే నెలలో ఒక లెక్క ప్రకటించాయి. వారానికి 35, 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలూ ఆపైనా పనిచేసేవారికి పక్షవాతం వచ్చే ప్రమాదం నూటికి 35 వంతులు ఎక్కువ, గుండెజబ్బుతో చనిపోయే ప్రమాదం నూటికి 17 వంతులు ఎక్కువ అని. అతి పని మూలంగా 2016లో ప్రపంచంలో 7,45,000 మంది ఈ రెండు జబ్బులతో పోయారని వారి అంచనా. విజయనగరం అత్తగారు కోడలి ఆరోగ్యం గురించి పడే బెంగ ఉత్త చాదస్తమేమీ కాదు.

చట్టాల మాట కూడా రెండు ముక్కల్లో చెబుతాను. పనివేళ దాటాక ఆఫీసు మాటకు బదులివ్వనక్కరలేని హక్కును ఫ్రాన్సు 2017 నుంచి, ఆస్ట్రేలియా 2024 ఆగస్టు నుంచి అమలుచేస్తున్నాయి. పోర్చుగలు 2021లో బాధ్యతను తిప్పి యజమాని మెడకే చుట్టింది, పనివేళ కానప్పుడు ఉద్యోగిని పలకరించకూడదని. నాకు నచ్చినది ఇదే. మన లోక్‌సభలో సుప్రియా సూలే గారు ఇలాంటి బిల్లును 2018 డిసెంబరులో ఒకసారి, 2025 డిసెంబరులో మరొకసారి ప్రవేశపెట్టారు. రెండూ ప్రభుత్వ బిల్లులు కావు, సభ్యురాలిగా ఆవిడ సొంతంగా తెచ్చినవి. అటువంటివి చట్టాలు కావడం మన దేశంలో బహు అరుదు. అందాకా మన మర్యాదే మనకు చట్టం.

ఇక ఇంటివారి సంగతి. మొదట చెప్పిన కరణంగారి ఇల్లాలిని ఇక్కడ గుర్తుకు తెచ్చుకోండి. ఆఫీసు ఇంటిమీదకు రాకూడదని మనం అన్నప్పుడు, పగటిపూట ఇల్లు ఆఫీసు మీదకు పోకుండా చూడడం కూడా మన వంతు. కొడుకు గది తలుపు వేసుకుంటే, ఉష్, బాబు పనిలో ఉన్నాడు అంటాం. కోడలు తలుపు వేసుకుంటే, ఇంట్లోనే ఉంది గదా అంటాం. గ్యాసు బండవాడు వచ్చినా ఆమే, కొరియరు వచ్చినా ఆమే, పెద్దత్తగారు చూడవస్తే కాఫీ కలపవలసినదీ ఆమే. మధ్యాహ్నం ఇలా జారిపోయిన రెండు గంటలనే ఆమె రాత్రి 9 నుంచి 11 దాకా కూర్చుని పూడ్చుకుంటోంది. అన్ని ఇళ్ళలో ఇంతేనని అనను. చాలా ఇళ్ళలో ఇంతే.

కాబట్టి విజయనగరం సోదరికి నా మనవి. ఉద్యోగం మానేయమని చెప్పకండి. జీతంకోసమని కాదు. తొమ్మిదిమందిని నడిపించే తెలివి ఉన్న పిల్ల అది. మానేస్తే ఆ తెలివి ఇంట్లో మీమీదనే పనిచేయడం మొదలుపెడుతుంది! పగలు 10 నుంచి 1 దాకా ఆ తలుపు ఎవరూ తట్టకుండా మీరు కాపలా ఉండండి. కాఫీ సంగతి మీ అబ్బాయికి నేర్పండి, వయసు మించిపోలేదు. దానికి బదులుగా కోడలిని ఒక్కటి అడగండి. మీటింగు లేని రాత్రుల్లో ఎనిమిదిన్నరకు లాప్‌టాప్ మూసి, సంచీలో పెట్టి, సంచీని బీరువాలో పెట్టమనండి. బల్లమీద మూసి ఉంచితే చాలదు. చేయి ఊరుకోదు.

అలాగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వస్తుంది. విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం ఊరు ఊరంతా కోటముందే ఉంటుంది. న్యూయార్కు క్యాలెండరులో ఆ రోజు ఎర్ర అంకె లేదు. వాళ్ళకు తెలియదు, తెలియాలని లేదు. టీములో ఎవరి ఊరి పండుగ ఏ రోజో సంవత్సరం మొదట్లోనే వ్రాయించుకుని పైవారికి పంపడం లీడరు పని. తన సెలవు కూడా అందులో వ్రాసుకుని, ఆ రోజు నిజంగా సెలవులో ఉండాలి. సెలవు పెట్టి మధ్యమధ్య మెసేజీలకు బదులిచ్చే లీడరును చూసి, టీములోని వారు సెలవంటే ఇదే కాబోలు అనుకుంటారు.

రాజాం అమ్మాయికి. అమ్మా, ఫోను ఆపడం తప్పు కాదు. అయితే ఏమీ చెప్పకుండా ఒక రాత్రి ఆపేసి, మర్నాడు గుండెలు దడదడలాడుతూ తెరవకు. పగటిపూట, మీ లీడరు తీరికగా ఉన్న సమయం చూసి చెప్పు. రాత్రి 9 తరువాత మెసేజీలు చూడలేకపోతున్నాను, ఉదయం 9కి మొదటి పని అదే చేస్తాను, బాగా అవసరమైతే ఫోను చేయండి, లేస్తాను అని. నువ్వు చెప్పినదానినిబట్టి ఆవిడ మంచి మనిషే. తన మాట అంత బరువుగా నీమీద పడుతున్నదని బహుశా ఆవిడకు తెలియదు. ఒక్కదానివీ చెప్పలేకపోతే, అదే అవస్థలో ఉన్న మరొకరిని తోడు తీసుకో. చెప్పిన తరువాత మాత్రం ఉదయం 9 గంటలకు నిజంగానే కూర్చోవాలి సుమా.

మన జిల్లాల్లో మనుషులున్న ఏ టీము లీడరైనా, హైదరాబాదులో ఉన్నా అమెరికాలో ఉన్నా, తెలుసుకోవలసినది మరొకటి ఉంది. ఇక్కడ అక్టోబరు నెల వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు స్తంభాలు వరసగా ఒరిగాయి. రోజుల తరబడి చీకటి. ఇన్వర్టరు ఎన్ని గంటలు వస్తుంది? సెల్ టవరుకు డీజిలు ఎవరు పోస్తారు? అటువంటి వేళ, నెట్ ఎప్పుడు వస్తుంది అని మెసేజి పెడితే అది చేరదు. చేరినా చదివేవారు జన్మలో మరిచిపోరు. వాతావరణ కేంద్రం హెచ్చరిక వినగానే, తీరం మీది వారి దగ్గర ఉన్న పనిని ఎక్కడిదక్కడ పక్కవారికి అప్పగింపించి, వారిని ఇల్లు చూసుకోమని పంపాలి. బియ్యం, కొవ్వొత్తులు, మందులు, నీళ్ళు సర్దుకోవడానికే ఒక పూట పడుతుంది. గాలి తగ్గాక మొదటి ఫోను పని గురించి కాకూడదు. వారి ఫోను పలకకపోతే ఎవరిని అడగాలో, విశాఖలో ఉన్న అన్నగారి నంబరో, ఎదురింటివారి నంబరో, వారి ఇష్టం మీద ముందే తీసి ఉంచుకోవాలి. శ్రీకాకుళంలో ఉన్న మనిషి పనిని నాలుగైదు రోజులపాటు బెంగుళూరులో ఎవరు చూస్తారో తేల్చే కాగితం సెప్టెంబరు నెలాఖరులోపల వ్రాసి పెట్టుకోవాలి, వాయుగుండం వచ్చి కూర్చున్న తరువాత కాదు.